కెమెరా కొంటున్నారా? ముందు లెన్సుల లెక్క చూడండి

దసరాకు నెల ముందు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, కెమెరా కొందామనుకుంటున్న, లక్ష లోపల ఏది మంచిదో చెప్పు." కాజీపేటలో ఉంటాడు, ఉద్యోగం వచ్చి ఏడాదైంది, చేతిలో నాలుగు పైసలు ఆడుతున్నాయి. అప్పటికే యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూసేసి, ఆరు బాడీల, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరాల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన మెగాపిక్సెళ్లెన్ని, సెకనుకు ఎన్ని ఫొటోలు, వీడియో ఎంత క్వాలిటీ అని వేసుకున్నాడు. "మరి లెన్సులేం రాసుకున్నవ్‌రా?" అన్నాను. "లెన్సు దాంతోనే వస్తది కదా మామా" అన్నాడు.

హన్మకొండలో నేను ఫొటోలు తీస్తానని తెలిసినవాళ్లు నెలకొకరైనా ఇదే అడుగుతారు, అందరూ బాడీ పేరే అడుగుతారు. సంబంధం చూడబోయి పిల్లగాణ్ని ఒక్కణ్నే చూసి వచ్చేస్తామా? ఇల్లు, వాకిలి, అన్నదమ్ములెందరు, పొలం మీద అప్పెంత, అన్నీ ఆరా తీస్తాం. కెమెరాలో ఆ ఇంటి పేరు మౌంట్. అంటే బాడీ ముందు లెన్సు బిగించే గుండ్రటి లోహపు రింగు, దాని కొలతలు, లెన్సుతో మాట్లాడే కరెంటు పిన్నులు. ఒక మౌంట్‌లో రెండు మూడు లెన్సులు కొన్నారంటే ఇక మీరు ఆ ఇంటి మనిషే. బాడీని నాలుగైదేళ్లకు అమ్మేసి కొత్తది తెచ్చుకుంటారు, మంచి లెన్సు మాత్రం పదిహేనేళ్లయినా ఉంటుంది, ధర కూడా బాడీ పడ్డంత ఘోరంగా పడదు.

ఆ ఇల్లు మూతబడే ప్రమాదమూ ఉంది, అది ఊహించి చెప్తున్నది కాదు. శాంసంగ్ 2010లో ఎన్‌ఎక్స్ అని ఒక సిస్టమ్ తెచ్చి, కొన్నేళ్లకే కెమెరాల వ్యాపారమే వదిలేసింది. నికాన్ 2011లో తెచ్చిన 'నికాన్ 1' 2018కల్లా ముగిసింది. కెనాన్ 2012లో ఈఓఎస్ ఎం మొదలుపెట్టింది, లక్షల మంది కొన్నారు, 2023కల్లా అదీ ఆగింది. ఆ కెమెరాలు ఇవాళ్టికీ ఫొటోలు తీస్తాయి, చెడిపోలేదు. కానీ వాటికి కంపెనీ కొత్త లెన్సు చేయదు, ఉన్న లెన్సులు వేరే బాడీకి ఎక్కవు. సెకండ్స్‌లో ఎవరైనా "మస్తు చవక అన్నా" అని చూపిస్తే ముందు మౌంట్ పేరు అడగండి.

ఇక మిర్రర్‌లెస్ అంటే చాలామంది "కొత్త మోడల్ డీఎస్ఎల్ఆర్" అనుకుంటారు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకు, వెలుగును ఫొటోగా మార్చే సెన్సర్ అనే చిప్పుకు నడుమ ఒక అద్దం వాలుగా నిలబడి, వచ్చిన వెలుగును పైకి, మన కన్ను పెట్టే కిటికీ వైపు పంపేది. బటన్ నొక్కగానే అద్దం లేచేది, ఆ టక్కుమనే చప్పుడు దానిదే. ఆ అద్దం లేవడానికి జాగా కావాలి కాబట్టి మౌంట్ నుంచి సెన్సర్ దాకా కెనాన్ పాత ఈఎఫ్‌లో 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. ఎడం ఉంచారు. 2008లో పానసోనిక్ జీ1 వచ్చింది, మైక్రో ఫోర్ థర్డ్స్ అనే మౌంట్‌తో, ఒలింపస్‌తో కలిసి పెట్టుకున్న పద్ధతి అది. అద్దం తీసేశారు, మిర్రర్‌లెస్ అన్న పేరు అందుకే, ఎడం 19 మి.మీ. చిల్లరకు దిగింది. తర్వాత సోనీ 'ఈ' మౌంట్‌లో 18, ఫూజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ. మనకు ఇందులో రెండు లాభాలు. సెన్సర్ చూస్తున్నదే మన కంటికి కనిపిస్తుంది కాబట్టి ఫొటో నల్లగా వస్తుందో తెల్లగా పేలిపోతుందో నొక్కకముందే తెలుస్తుంది. రెండోది, ఎడం తగ్గడంతో మధ్యలో ఒక అడాప్టర్ పెట్టి ఇంట్లో మూలన పడున్న పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు బిగించుకోవచ్చు. బిగించుకోవచ్చు గానీ ఫోకస్ వేగం, బరువు రెండింటిలోనూ కొంత రాజీ పడాలి.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది, మోసం అనడం పెద్ద మాటేమో, భ్రమ అందాం. షాపులో బాడీ అరచేతిలో ఇమిడిపోతే "అబ్బ, ఎంత చిన్నగుందో" అని కొంటారు. అద్దం తీసేస్తే బాడీ పలచబడింది, నిజమే. లెన్సు ఎంత ఉండాలో నిర్ణయించేది అద్దం కాదు, సెన్సర్ సైజు, లెన్సు నోటి వెడల్పు. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ మీద సోనీ 70-200 ఎఫ్ 2.8 (70-200 అనేది ఫోకల్ లెంగ్త్, లెన్సు ఎంత దూరం లాగుతుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె, ఎఫ్ సంగతి కింద చెప్తాను), తేలిక చేసిన రెండో వెర్షన్ కూడా కిలోకు పైనే, 1045 గ్రాములు. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు అంతే దూరం చూపించే పానసోనిక్ 35-100 ఎఫ్ 2.8 అటూఇటూ 360 గ్రాములు. ఒలింపస్ 45 ఎఫ్ 1.8 అయితే 116 గ్రాములే, చొక్కా జేబులో పడేసుకోవచ్చు. రోజంతా మెడకు వేలాడేది బాడీ ఒక్కటే కాదు కదా.

ఈ బరువు సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు, 2018 మేడారం జాతరలో తెలిసింది. డీఎస్ఎల్ఆర్, దానికి స్నేహితుడి దగ్గర అడుక్కున్న 70-200, ఇంకో లెన్సు, బ్యాగు. జంపన్నవాగు దాకా బాగానే నడిచాను. గద్దెల దగ్గరికి వచ్చేసరికి నాలుగు దిక్కుల నుంచి జనం, తలల మీద నుంచి బంగారం, అంటే బెల్లం ముద్దలు ఎగురుతున్నాయి, చెయ్యి పైకి లేపే సందు లేదు. లెన్సును రొమ్ముకు హత్తుకుని చంటిపిల్లను కాపాడినట్టు కాపాడడమే సరిపోయింది. రెండు రోజుల్లో పనికొచ్చే ఫొటోలు పదో పన్నెండో. మళ్లీ 2024లో చిన్న బాడీ, ఒకే లెన్సు, చేతికి ఒక తాడు, అంతే. ఫొటోలు బాగా వచ్చాయి. కారణం నా పనితనం కాదు, కెమెరా బయటే ఉంది, బ్యాగులో లేదు. ఇంకోటి, ఆ గునపం లాంటి లెన్సు ఎత్తగానే జనం సర్దుకుని నిలబడిపోయేవారు, చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సరే, "చిన్న సెన్సర్ అయితే క్వాలిటీ పోదా?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మి.మీ. ఏపీఎస్-సి, అదే మనవాళ్లు క్రాప్ సెన్సర్ అనేది, దాదాపు 23.5 బై 15.6, కెనాన్‌ది ఇంకొంచెం చిన్నది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 బై 13. వైశాల్యం చూసుకుంటే ఫుల్‌ఫ్రేమ్ ఏపీఎస్-సికి రెండు రెట్ల పైచిలుకు, మైక్రో ఫోర్ థర్డ్స్‌కు దాదాపు నాలుగు రెట్లు. పెద్ద కల్లంలో ఎక్కువ వడ్లు ఆరినట్టు, పెద్ద సెన్సర్ మీద ఎక్కువ వెలుగు పడుతుంది, చీకట్లో గ్రెయిన్, అంటే ఇసుక లాంటి చుక్కలు, తక్కువ కనిపిస్తుంది. ఇంతవరకు ఫుల్‌ఫ్రేమ్ వాళ్ల మాట నిజం. కానీ కల్లంలోకి వడ్లు తెచ్చే బండి ఒకటుంటుంది కదా, అది లెన్సు. దాని లెక్క ఎవరూ వేయరు.

ఎఫ్ నంబర్ అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను దాని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె. అందుకే అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. 1.4, 2, 2.8, 4, 5.6, 8, ఒక్కో మెట్టు దిగితే వెలుగు సగమవుతుంది. ఈ వరుస ఒక్కటి నోటికి వస్తే కెమెరా షాపులో మిమ్మల్ని మభ్యపెట్టడం కష్టం. బాడీతో కలిపి ఇచ్చే కిట్ లెన్సు మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది, అంటే జూమ్ చేసేకొద్దీ రంధ్రం ముడుచుకుపోయి చివరికి 5.6 దగ్గర ఆగుతుందని. 5.6కు, 1.8కి తేడా మూడు మెట్ల పైనే, వెలుగులో దాదాపు పది రెట్లు.

ఈ పది రెట్లు ఎట్లా ఉంటాయో రామప్పలో చూశాను. పెళ్లి ఆర్డర్లు చేసే మా బావ కొత్తగా ఫుల్‌ఫ్రేమ్ తీసుకుని, డబ్బంతా బాడీకే అయిపోవడంతో దాంతో వచ్చిన చిన్న కిట్ జూమ్‌తో తిరుగుతున్నాడు. నా దగ్గర ఏపీఎస్-సి బాడీ, 50 ఎఫ్ 1.8. ఇద్దరం పాలంపేట పోయాం. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాలో చేరినప్పటి నుంచి రద్దీ పెరిగింది, పొద్దున్నే పోతేనే కుదురుతుంది. రంగమండపంలో నల్లరాతి స్తంభాలు, అద్దంలా నున్నగా తీర్చినవి, వెలుగు తూర్పు నుంచి ఒక పక్కగా వచ్చి స్తంభం అంచు మీద సన్నగా గీతలా పడుతుంది, మిగతాదంతా చీకటి. స్తంభం మీది చిన్న బొమ్మ ఒకటి ఇద్దరం తీశాం. బావ లెన్సు 5.6 దాటి తెరుచుకోదు, చెయ్యి వణకకుండా షటర్‌ను సెకనులో 1/60 వంతుకు పెట్టుకుంటే ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపుతుందో చెప్పే అంకె, 6400కు ఎక్కింది. నాది ఎఫ్ 1.8, అదే 1/60, ఐఎస్ఓ 640 దగ్గర ఆగింది. నా సెన్సర్ చిన్నది కాబట్టి ఆ 640ని ఫుల్‌ఫ్రేమ్ భాషలో 1500 అనుకుందాం. అయినా ఆయన 6400లో నాలుగో వంతే. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన ఫొటోలో రాయి మీద ఇసుక చల్లినట్టుంది, నాదాంట్లో ఉలి గీతలు కనిపిస్తున్నాయి. బావ కాసేపు మాట్లాడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన కూడా ఫుల్‌ఫ్రేమ్‌కు 1.8 లెన్సు బిగిస్తే నేను ఓడిపోతాను, తర్వాత బిగించాడు కూడా. నేననేదేమంటే డబ్బు లక్షే ఉన్నప్పుడు దాన్ని బాడీకి, లెన్సుకు ఎట్లా పంచుతారన్నది. చవక బాడీకి మంచి లెన్సు వేస్తే పని నడుస్తుంది. ఖరీదైన బాడీకి చవక జూమ్ వేస్తే కొత్త ట్రాక్టర్ కొని నాగలి కొనకుండా పొలానికి పోయినట్టే.

బ్యాక్ బ్లర్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం, కుర్రాళ్లు ముందు అడిగేది అదే. అదే కోణం, అదే ఎఫ్ నంబర్ ఉంటే పెద్ద సెన్సర్‌లో బ్లర్ ఎక్కువ, నిజమే. అయితే ఏపీఎస్-సి మీద 50 ఎఫ్ 1.8తో మీటరు దూరంలో మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే మందం దాదాపు మూడు సెంటీమీటర్లు, అంతే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి అప్పటికే కరిగిపోతుంది. ఇంకెంత బ్లర్ కావాలి? ఫుల్‌ఫ్రేమ్‌లో అదే కోణానికి ఇది రెండు సెంటీమీటర్లకు దిగుతుంది, అప్పుడు ముక్కు, కన్ను రెండింటిలో ఏది కావాలో తేల్చుకోవాలి.

రామప్పలో ఇంకో కిటుకు ఉంది. నల్లరాయిని కెమెరా నల్లరాయిగా చూడదు, "అయ్యో చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచి బూడిదరంగు చేసేస్తుంది. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటికి తిప్పండి, రాయి రాయిలా వస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఇది తిప్పుతుండగానే కళ్లముందు కనిపిస్తుంది, పాత కెమెరాల్లో తీశాక చూసుకునేవాళ్లం. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ తీస్తే కావలివాళ్లు ఆపుతారు, అందుకని బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటే పెద్ద ఉపకారం. సెన్సర్ మన చెయ్యి వణుకుకు ఎదురుగా కదిలి 1/60 కావలసిన చోట 1/8కి కూడా నిలబెడుతుంది. శిల్పం కదలదు కాబట్టి సరిపోయింది.

అదే స్టెబిలైజేషన్ నమ్ముకుని బతుకమ్మకు పోతే నవ్వులపాలవుతారు. ఎంగిలిపూల రోజు వేయిస్తంభాల గుడి ముందు ఆడోళ్లు వలయాలుగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతుంటారు. వణుకును ఆపే మిషన్ మీ చేతిని ఆపుతుంది, వాళ్ల చేతులను ఆపదు. అక్కడ కావాల్సింది షటర్ వేగం, వేగానికి కావాల్సింది వెలుగు, రాత్రిపూట ఆ వెలుగు తెచ్చేది 1.8 లెన్సే. కాబట్టి స్టెబిలైజేషన్ కదలనివాటికి, పెద్ద రంధ్రం కదిలేవాటికి. మీరు ఏవి ఎక్కువ తీస్తారో చూసుకుని దేనికి డబ్బు పెట్టాలో తేల్చుకోండి. మా మేనల్లుడు కాగితం మీద రాసుకున్న ఆరింటిలో నాలుగింటికి స్టెబిలైజేషన్ ఉంది, ఒక్కదానికీ లెన్సు లేదు.

బతుకమ్మ దగ్గర మరో తలనొప్పి ఎల్ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. సైలెంట్ షటర్ అనే ఎలక్ట్రానిక్ షటర్ సెన్సర్‌ను పై వరుస నుంచి కింది వరుస దాకా వరుసగా చదువుతుంది, ఒక వరుస చదివేటప్పుడు లైటు వెలుగులో ఉంటే ఇంకో వరుసప్పుడు మసకలో ఉంటుంది. ఫొటో నిండా గళ్ల లుంగీ లాగా నల్లచారలు. మెకానికల్ షటర్‌కు మారి 1/100 లేదా 1/50 పెడితే మినుకు మొత్తం ఒకే ఫొటోలో ఇమిడిపోయి చారలు చాలావరకు పోతాయి. 1/100లో చేతులు కొంచెం సాగుతాయి, సాగనివ్వండి, ఆటలో ఉన్నట్టుంటుంది. ఇది ఎందుకు ఇంత చెప్తున్నానంటే, వీడియో కోసం చేసిన కొన్ని కొత్త బాడీల్లో, సోనీ జెడ్‌వీ-ఈ10 రెండో వెర్షన్, పానసోనిక్ ఎస్9 లాంటివాటిలో, మెకానికల్ షటర్ అసలే లేదు. వీడియోలు తీసేవాళ్లకు చక్కటి కెమెరాలే. రాత్రి లైట్ల కింద ఫొటోలే మీ పనైతే ఆలోచించండి.

రంగు గురించి ఒక్క మాట. బంతిపూల నారింజ, తంగేడు పసుపు కెమెరాకు తట్టుకోలేనంత గట్టి రంగులు. తెరమీద ఫొటో వెలుగు సరిగ్గానే ఉన్నట్టుంటుంది, దగ్గరికి జరిపి చూస్తే బంతి రేకులన్నీ కలిసి ఒక రంగు ముద్ద. వెలుగును ఒక మెట్టులో మూడింట రెండు వంతులు తగ్గించి, 'రా' (RAW) ఫైలుగా, అంటే కెమెరా మెరుగులు దిద్దకుండా ఉంచే ఫైలుగా తీసి, తర్వాత పైకి తెచ్చుకుంటే రేకులు మిగులుతాయి. గునుగుకు ఈ బాధ లేదు.

ఇక ఏ ఇల్లు మంచిదన్న దగ్గరికి. సోనీ 'ఈ' మౌంట్ 2010 నుంచి ఉంది, సిగ్మా, టామ్రాన్, విల్ట్రాక్స్ అందరూ దానికి లెన్సులు చేస్తారు, సెకండ్స్‌లో కూడా ఎక్కువ దొరికేది అదే. బాడీల్లో మెనూలు నాకు చిరాకు, అది నా సొంత గొడవ. ఫూజీ ఎక్స్ 2012 నుంచి ఏపీఎస్-సినే నమ్ముకుని లెన్సులు చేస్తోంది, 23 ఎఫ్ 2, 35 ఎఫ్ 2 లాంటివి 180 గ్రాములు దాటవు, చక్రాలు తిప్పి వాడే సుఖం వేరే, ధర మాత్రం మంట. నికాన్ జెడ్, కెనాన్ ఆర్‌ఎఫ్ రెండూ 2018లో మొదలయ్యాయి. రెండింటికీ చిన్న బాడీలు బాగున్నాయి, చిన్న సెన్సర్‌కు తగ్గ సొంత లెన్సులే తక్కువ. కెనాన్ చాలాకాలం బయటివాళ్లను ఆటోఫోకస్ లెన్సులు చేయనివ్వలేదు, 2024లో ఏపీఎస్-సి కోసం సిగ్మా, టామ్రాన్‌లకు తలుపు తీసింది, అప్పటి నుంచి ఆర్10, ఆర్50 లాంటివి కొనదగ్గవయ్యాయి. మైక్రో ఫోర్ థర్డ్స్ అన్నిటికంటే తేలిక, లెన్సులు బోలెడు. 2021లో ఒలింపస్ కెమెరాల వ్యాపారం వేరే కంపెనీ చేతికి పోయి ఓఎం సిస్టమ్ పేరుతో నడుస్తోంది, పానసోనిక్ కూడా ఉంది. మన దగ్గర షాపులో చూసి కొనడం మాత్రం కష్టం. పక్షులు, పాకాల, లక్నవరం అని తిరిగేవాళ్లకు నేను ఇదే చెప్తాను, 300 ఎంఎం లెన్సు 600లా పనిచేస్తుంది, భుజం మిగులుతుంది.

కన్ను పెట్టి చూసే కిటికీ ఉందా లేదా అన్నది తప్పకుండా చూడండి. నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివాటికి అది లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఖిలా వరంగల్‌లో తోరణం ముందు నిలబడి వెనక తెర చూస్తే మీ మొహమే కనిపిస్తుంది.

మొదటి లెన్సు ఏది? కిట్ జూమ్ వద్దని నేను అనను, పగలు ఎండలో అది పనికిమాలినదేం కాదు, చిన్నది, బాడీతో కొంటే దాదాపు ఉట్టిదే. దాంతో నెల రోజులు తిరగండి. తర్వాత మీ ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ ఎంతుందో చూడండి, ఎక్కువ ఫొటోలు ఏ అంకె చుట్టూ ఉంటే ఆ అంకెలో ఒక ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేనిది, కొనండి. మా వాకిళ్లు, దుకాణాలు, బజార్లలో నాకు ఏపీఎస్-సి మీద 23 చుట్టూ పడుతుంది, మొహాలకైతే 50. ఇంకొకరికి ఇంకోటి. జ్యోతిష్యం అక్కర్లేదు, అంకెలు మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉన్నాయి.

వాడకంలో మిర్రర్‌లెస్‌కు ఒక బలహీనత ఉంది. లెన్సు విప్పగానే చాలా బాడీల్లో సెన్సర్ నగ్నంగా ఎదురుగా ఉంటుంది, అడ్డం పడడానికి అద్దం లేదు. ఒకసారి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో, బస్తాలు కుమ్మరిస్తున్న చోట నిలబడి, తెలివి తక్కువై లెన్సు మార్చాను. నా తుమ్ములు ఒకెత్తు. ఇంటికొచ్చి ఆకాశం ఉన్న ఫొటో చూస్తే ఏడు మచ్చలు, ప్రతి ఫొటోలో అదే చోట. ఎఫ్ 2 దగ్గర మచ్చ మసకగా పరుచుకుని కనిపించదు, ఎఫ్ 11 దాటితే మినపగింజలా తేలుతుంది. రబ్బరు బ్లోయర్‌తో బాడీ బోర్లా పట్టి ఊదితే ఐదు పోయాయి. నోటితో మాత్రం ఊదకండి, ఉమ్మి తుంపర పడితే దుమ్ముకంటే పెద్ద పని. అప్పటి నుంచి దుమ్ము ఉన్న చోటికి ఒకే లెన్సు బిగించుకుని పోతాను, మేడారమైనా, కరీంనగర్ గ్రానైట్ క్వారీలైనా, గోదావరిఖని బొగ్గు దారులైనా. మార్చక తప్పకపోతే బాడీ మూతి కిందికి పెట్టి, రెండో లెన్సు మూత ముందే తీసి ఉంచుకుని, కారులోనో బండి పక్కనో గాలికి వీపు తిప్పి మార్చండి.

వానాకాలం దీనికంటే పెద్ద శత్రువు ఫంగస్. తోలు బ్యాగులో కెమెరా పెట్టి బీరువాలో తాళం వేస్తే మూడు నెలల్లో లెన్సు లోపల సాలెగూడు మొలుస్తుంది. నా 70-300 ఒకటి అట్లాగే పోయింది, ఎవర్నీ అనడానికి లేదు. ఇప్పుడు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వంద రెండొందల రూపాయల తేమ మీటరు. ముల్లు 40-50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండబెట్టినా రబ్బర్లకు మంచిది కాదు. అన్నిటికంటే మంచి మందు వారానికోసారి బయటకు తీసి వాడడం.

సెకండ్స్‌లో కొంటే లెన్సు వెనక ఫోన్ టార్చ్ పెట్టి ముందు నుంచి చూడండి, దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. తెల్ల గోడను ఎఫ్ 16లో తీసి సెన్సర్ మచ్చలు చూడండి. బిల్లు అడగండి. కొత్తదైనా సరే, ఎవరైనా మార్కెట్ ధరకంటే మరీ తక్కువ చెప్తే అది ఇండియా వారంటీ ఉన్నదేనా అని కార్డు చూసి తేల్చుకోండి, నేను ఒకసారి అడక్క కొన్నాను, సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబర్ చూసి తల అడ్డంగా ఊపారు. చిన్న బాడీలకు బ్యాటరీ కూడా చిన్నదే, రెండోది కొనకుండా జాతరకు పోవద్దు.

మేనల్లుడు చివరికి సెకండ్స్‌లో ఏపీఎస్-సి సోనీ 'ఈ' మౌంట్ బాడీ తీసుకున్నాడు, రెండేళ్ల పాతది, వాడి కాగితంలో లేనిది. మిగిలిన డబ్బుతో 50 ఎఫ్ 1.8 కొన్నాడు. మొన్న ఫిబ్రవరిలో నర్సంపేట దగ్గర వాళ్ల ఊరికి పోయి, వాళ్ల నాయినమ్మ గడపలో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తుంటే తీసిన ఫొటో పంపాడు. తలుపు నుంచి వచ్చే వెలుగు చెంప మీద పడింది, వెనక ఎర్రటి కుప్ప మసకబారి పొయ్యిలో నిప్పులా ఉంది. ఒక్కటే లోపం, ముక్కు కొసకు జారిన కళ్లద్దాల ఫ్రేము కత్తిలా ఉంది, కళ్లు మెత్తబడ్డాయి.

"మామా, ఎన్నిసార్లు తీసినా అద్దాల మీదకే పోతుంది ఫోకస్."

"అద్దాలకు, కన్నుకు నడుమ మూడు నాలుగు సెంటీమీటర్లు ఉన్నయిరా, నీకు దొరికేది మొత్తం మూడు. ఎఫ్ 4 పెట్టు, కన్నును పట్టే ఐ ఆటోఫోకస్ ఆన్ చెయ్యి, ఒక అడుగు వెనక్కి జరుగు."

"వెనక్కి ఎట్ల జరగాలె మామా, నా వెనక ఇంకో కుప్ప ఉంది. తొక్కితే ముసల్ది కెమెరా లాక్కుంటది."